ఎండలో పేరు మాఱెడి దుంప

పదునేడవ శతాబ్ది తొలినాళ్లలో స్పెయిన్ దేశపు కోర్దోబా నగరమున ఒక వృద్ధుడు తన పుట్టినయూరి సంగతులను గ్రంథముగా వ్రాయుచుండెను. ఆయన పేరు ఇంకా గార్సిలాసో దె లా వేగా. ఆయన 1539లో దక్షిణ అమెరికాలోని ఆండీసు పర్వతములపై, కుజ్కో నగరమున జన్మించెను. తండ్రి స్పెయిన్ దేశపు సేనాని. తల్లి ఇంకా రాజవంశపు ఆడుపడుచు. ఇరువదియొకటవ యేట, 1560లో, సముద్రము దాటి తండ్రిదేశమునకు వచ్చిన ఆయన మరల కన్నతల్లిని గాని కన్నయూరిని గాని చూడలేదు.

1609లో లిస్బను నగరమున అచ్చయిన ఆ గ్రంథమునందు రాజుల చరిత్రలు, యుద్ధములు, సూర్యదేవాలయములు వర్ణింపబడినవి. వానితోపాటు ‘ఓకా’ అను ఒక దుంపనుగూర్చియు ఆయన మఱువక వ్రాసెను. చేతివ్రేలంత పొడవు గల ఆ దుంప తియ్యనిదనియు, దానిని పచ్చిగానే తిందురనియు, వండుకొని కూడ తిందురనియు తెలిపెను. ఎండబెట్టినచో, తేనెయు చక్కెరయు కలుపకయే పాకము పట్టిన పండువలె నుండునట. అట్లు ఎండిన పిమ్మట దానిని ఓకా అనరు; దాని పేరు ‘కావి’ అని ఆయన వివరించెను.

ఊరు విడిచి నలువది యేండ్లు దాటిన మనుష్యుడు ఒక దుంప రుచిని జ్ఞాపకముంచుకొనుట వింత కాదు. ఎండక పూర్వము ఒక పేరు, ఎండిన పిమ్మట మఱియొక పేరు అను భేదమును గూడ ఆయన మఱువకుండుట గమనింపదగినది. ఇట్టి భేదము దానిని పండించి తిన్నవారి భాషలోనే యుండును. కొనితెచ్చుకొన్న వస్తువునకు ఒక పేరు చాలును. బ్రతుకునకు ఆధారమైన వస్తువునకు ఒక పేరు చాలదు.

తెలుగువారికి ఈ సంగతి వేఱుగా బోధింపనక్కఱలేదు. పొలములో నున్నంతవఱకు అది వరి. నూర్చినచో వడ్లు, దంచినచో బియ్యము, వండినచో అన్నము. నానబెట్టి వేచి దంచినచో అటుకులు. విఱిగిన గింజ నూక, పొట్టు ఊక, బియ్యముపై పొర తవుడు. ఒకే గింజకు ఇన్ని పేళ్లు! మామిడి సంగతియు ఇట్టిదే. పిందె, కాయ, పండు, ఒరుగు, తాండ్ర అను మాటలలో ఒక వేసవి అంతయు ఇమిడియున్నది. ఆండీసు కొండవాండ్రకు ఓకా ఇట్టి పంట.

కావున ఓకా అనగా ఏమో ముందు తెలిసికొనవలెను. ఆశ్చర్యకరమైన విషయమేమనగా, దాని దగ్గఱి చుట్టము మన పెరటిలోనే యున్నది. నూతిగట్టు చెంత తడినేలలో, పూలకుండీల అంచులలో, మూడేసి ఆకులతో, చిన్న పసుపుపచ్చని పూలతో నేలబాఱు పులిచింతను ఎఱుగని బాలురుండరు. ఆ ఆకు నమలినచో నాలుక పుల్లనగును. రాత్రి యగుసరికి ఆకులు ముడుచుకొనును. పల్లెలలో ఆ యాకుతో పచ్చడి చేయుదురు, పప్పులో వేయుదురు. ఓకా కూడ ఈ పులిచింత కుటుంబములోనిదే. అదే తీరున మూడేసి ఆకులు, అదే తీరున పసుపుపచ్చని పూలు. కాని మొక్క మోకాలియెత్తున గుబురుగా పెఱుగును. కాడలు దళసరిగా, రసవంతముగా నుండును. అన్నింటికంటె ముఖ్యముగా, దానికి నేలలో దుంపలూరును. ఆ దుంపలు తెలుపు, పసుపు, గులాబి, ఎఱుపు, ఊదా రంగులలో, మైనము పూసినట్లు నునుపుగా మెఱయుచుండును. ఒక్కొక్క దుంపపై కన్నులు వరుసగా గాడులు తీర్చినట్లుండును.

వృక్షశాస్త్రజ్ఞులు దీనికి ‘ఆక్సాలిస్ ట్యూబరోసా’ అని పేరు పెట్టిరి. మొదటి మాటకు గ్రీకు భాషలో పులుపు అని మూలార్థము. రెండవదానికి దుంపలు గలది అని లాటిను అర్థము. మన పులిచింతయు ఆక్సాలిస్ వర్గములోనిదే. అనగా, తెలుగుపల్లెవాడును, ఐరోపా పండితుడును ఒకరినొకరు ఎఱుగకయే ఈ కుటుంబమును పులుపునుబట్టియే గుర్తించిరన్నమాట. కాని గార్సిలాసో దీనిని తియ్యని దుంప అనెను. ఈ రెండు మాటలును సత్యములే. పులుపునకును తీపికిని మధ్యనున్న దూరమును కొండవాండ్రు ఎట్లు దాటిరో అదియే ఈ పంట కథ.

ఓకా పండునది సామాన్యమైన నేల కాదు. అరకులోయ సముద్రమట్టమునకు సుమారు 3,000 అడుగుల ఎత్తున నున్నది. అక్కడి శీతకాలపు చలికే మైదానవాసులు వణకుదురు. ఓకా పంట 9,000 అడుగుల మొదలు 13,000 అడుగుల వఱకును పెరూ, బొలీవియా దేశముల కొండవాలులపై పండును. అచ్చట పగలు ఎండ చుఱుక్కుమనును. రాత్రి మంచు గడ్డకట్టును. మొక్కజొన్న అంత ఎత్తునకు చేరలేదు. కావుననే దుంపలు అక్కడివారికి అన్నమైనవి. వానిలో మొదటిది బంగాళాదుంప. దాని జన్మస్థానము ఆ కొండలే. దాని వెనుక ఓకా, ‘ఉల్యూకూ’, ‘మాష్వా’ అను మూడు దుంపలు నడచును. అక్కగారు లోకమంతయు తిరిగి కీర్తి గడించినది. చెల్లెండ్రు మువ్వురును పుట్టినింటనే నిలిచిపోయినవి.

ఆ యూళ్లలో సేద్యము ఎవరి యిష్టము వచ్చినట్లు వారు చేయునది కాదు. గ్రామమువారందఱు కూడి తమ కొండవాలును భాగములుగా విభజింతురు. ఏ యేడు ఏ భాగమున ఏ పంట వేయవలెనో ఉమ్మడిగా నిర్ణయింతురు. ఈ కట్టుబాటును కెచువా భాషలో ‘లాయిమి’ అనియు, ఐమారా భాషలో ‘ఐనోకా’ అనియు పిలుతురు. మొదటి యేడు ఎరువు వేసి బంగాళాదుంప నాటుదురు. రెండవ యేడు అదే నేలలో, మిగిలిన సత్తువతోనే, ఓకాను దాని తోడిదుంపలను నాటుదురు. ఆ వెనుక కినోవా గాని యవలు గాని చల్లుదురు. పిమ్మట నేలను కొన్నియేండ్లు బీడు విడుతురు. ఆ బీటిపై లామాలు, గొఱ్ఱెలు మేయును; వాని పేడతో నేల మరల బలమూనును.

ఏటవాలు నేలపై ఎద్దులు నిలువలేని తావులలో కాలితో త్రొక్కి నేల పెల్లగించు ‘చాకితాక్ల్యా’ అను పనిముట్టు వాడుదురు. పొడవైన కఱ్ఱకు క్రింద ఇనుపమొన, దానిపై పాదము మోపుటకు అడ్డుకొయ్య, పట్టుకొనుటకు వంపుపిడి యుండును. మగవారు వరుసగా నిలిచి త్రొక్కుచు పోగా, ఎదుట ఆడువారు లేచిన పెళ్లలను తిరుగవేయుదురు. ఈ యేడు ఒకరి చేనిలో పదిమంది పనిచేసినచో, ఆ చేనివాడు వారి చేలలో అంతపనియు తిరిగి చేయవలెను. ఈ పనిబదులునకు ‘ఐనీ’ అని పేరు.

సెప్టెంబరు మొదలు నవంబరు వఱకు, వానలు దిగు సమయమున, చిన్నచిన్న దుంపలనే విత్తనముగా నాటుదురు. మొక్క పెఱుగుకొలది రెండుమాఱులు మొదలికి మట్టి ఎగద్రోయుదురు. మొక్క ఎంత పచ్చగానున్నను తొందరపడి దుంప ఊరదు. పగటి పొద్దు పండ్రెండు గంటలకంటె తగ్గినప్పుడే దుంప బలియుట మొదలగును. దక్షిణార్ధగోళమున మార్చి దాటిన పిమ్మట పొద్దు తగ్గును. ఏప్రిల్ మొదలు జూను వఱకు త్రవ్వకము జరుగును. ఏడెనిమిది నెలల ఓపిక కావలసిన పంట యిది. ముక్కుపురుగు ఈ పంటకు ప్రబలశత్రువు. దాని పిల్లపురుగు దుంపలోనికి తొలిచికొనిపోయి పంటను పాడుచేయును.

త్రవ్విన దుంపను వెంటనే వండరు. ఇండ్లముందు గడ్డిపై పఱచి కొన్నిదినములు ఎండ చూపింతురు. ఎండకు దుంపలోని పులుపు విఱుగును. పిండిపదార్థము కొంత చక్కెరగా మాఱును. అప్పుడు ఉడుకబెట్టినచో గాని నిప్పులపై కాల్చినచో గాని మన చిలగడదుంపను తలపించు తీపి కలుగును. గార్సిలాసో బాల్యమున రుచి చూచిన తీపి యిదే. ఎండను వంటవానిగా చేసికొన్న జాతి అది.

ఇది తీపిజాతుల సంగతి. ఎండకు లొంగని పులుపుగల జాతులును కలవు. వానిని పాఱవేయక, ఆ కొండవాండ్రు చలిని పనిలోనికి దింపిరి. పుల్లని దుంపలను నీటిలో వారములకొలది నాననిత్తురు. జూను, జూలై మాసములలో మంచు కురియు రాత్రులందు బయట పఱతురు. రాత్రి గడ్డకట్టి పగలు కరగిన దుంపను కాళ్లతో త్రొక్కి నీరు పిండుదురు. మరల ఎండబెట్టుదురు. ఇట్లు తయారైన గట్టి ఒరుగునకు ‘ఖాయ’ అని పేరు. అది యేండ్లతరబడి చెడదు. వాన తప్పిన యేట, మంచు పంటను కాల్చివేసిన యేట, ఖాయ ఉన్న యిల్లు పస్తుండదు. కావున పుల్లని ఓకా ఆ యింటికి కఱవునాటి ధనము.

ఇప్పుడు పేళ్ల విషయమునకు రావచ్చును. కెచువా రైతు తన ఓకాలను మొదట రెండు తెగలుగా విభజించును. వండుకొని తినునవి ‘వైకు’. ఒరుగు చేయునవి ‘ఖాయ’. అటుపిమ్మట రంగును బట్టి ‘పూకా’ అనగా ఎఱ్ఱనిది, ‘యూరాక్’ అనగా తెల్లనిది, ‘కేల్యో’ అనగా పసుపుపచ్చనిది, ‘యానా’ అనగా నల్లనిది అని వేఱుపఱచును. ఆకారమును బట్టి, కన్నుల తీరును బట్టి మఱికొన్ని పేళ్లు చేరును. ఈ పేరు పెట్టు నేర్పులో హాస్యమును కలదు. ఆ కొండలలో ఒక బంగాళాదుంపకు ‘ల్యూమ్చూయ్ వాకాచి’ అని పేరు. కోడలిని ఏడ్పించునది అని దాని యర్థము. అది గంట్లు గంట్లుగా, బుడిపెలు బుడిపెలుగా నుండును; దాని పొట్టు తీయుట మిక్కిలి కష్టము. క్రొత్తకోడలి పనితనమును పరీక్షించుటకు అత్తగారు ఆ దుంపనే చేతికిత్తురట. తెలుగునాట ఈ పేరు విన్న యే యిల్లాలికిని వ్యాఖ్యానము అక్కఱలేదు.

ఈ పేళ్లు కేవలము ముచ్చటకొఱకు పుట్టినవి కావు. ఓకా సాధారణముగా గింజ కట్టదు. దాని పూలు మూడు తీరులుగా నుండును. ఒక తీరు పూవునకు మఱియొక తీరు పూవునుండి పుప్పొడి అందినగాని కాయ నిలుచుట అరుదు. ఇట్టి పూల కట్టడిని ఆక్సాలిస్ వర్గమున డార్విన్ పరిశీలించి 1877లో వెలువడిన తన గ్రంథమున వివరించెను. కాబట్టి రైతు దుంపనుండి దుంపనే పెంచవలెను. ఒక జాతి ఓకా అనగా తరతరములుగా చేతులు మాఱుచు వచ్చిన ఒకే మొక్క. వరిగింజ డబ్బాలో దాగియుండినట్లు అది దాగియుండదు. ప్రతియేడు నాటవలెను, ప్రతియేడు ఏఱి దాచవలెను. ఈ యేఱుట, దాచుట ఆ యిండ్లలో మిక్కిలిగా ఆడువారి పని. తల్లి కూతునకు దుంపతోపాటు పేరును, పేరుతోపాటు పాకమును అందించును. పేరు మఱచినచో ఇది ఎండబెట్టవలసినదో, నీటిలో నానవేయవలసినదో తెలియదు. తెలియని దుంపను ఎవరును నాటరు. నాటని దుంప మఱుసటియేటికి ఉండదు.

ఈ పంట పుట్టినింటిని విడిచిన చోట ఏమైనదో చూచినచో ఈ మాట స్పష్టమగును. ఆండీసు పర్వతములలోనే ఓకాకు బొలీవియాలోని ఐమారా ప్రజలు ‘అపిల్యా’ అందురు, కొలంబియాలో ‘ఇబియా’, వెనిజులా కొండలలో ‘కుయిబా’. ఇవియన్నియు పండించినవారు పెట్టుకొన్న పేళ్లు. మెక్సికో దేశపు అంగళ్లలో మాత్రము దానిని ‘పరదేశపు బంగాళాదుంప’ అను నర్థము వచ్చు స్పానిషు పేరుతో అమ్ముదురు. న్యూజీలండునకు ఇది 1860 ప్రాంతమున చేరినది. అక్కడ బాగుగ పండుచున్నది. కాని అక్కడివారు దానిని ‘యామ్’ అందురు. ఆ మాట నిజమునకు మన పెండలము కుటుంబమునకు చెందినది. ఓకాకు దానితో చుట్టఱికము లేదు.

ఐరోపాకు ఓకా 1830 ప్రాంతమున చేరెను. 1845లో తెగులు తగిలి ఐర్లండు బంగాళాదుంప చేలు కుళ్లి, లక్షలాది జనులు ఆకలిచే మరణించిన పిమ్మట, బంగాళాదుంపకు మాఱుగా మఱేదైన దుంప దొరకునా యని ఐరోపావారు వెదకిరి. కాని ఓకా వారి యాశ తీర్చలేదు. ఉత్తరదేశములలో వేసవిపగళ్లు మిక్కిలి దీర్ఘములు. పొద్దు తగ్గి దుంప ఊరుటకు మొదలుపెట్టునప్పటికే మంచు వచ్చి మొక్కను చంపును. న్యూజీలండులో శరత్కాలము మెత్తనిది గనుక అక్కడ నిలిచినది. ఒకచోట ఓడి మఱియొకచోట నెగ్గుటకు కారణము దుంప గుణమును కాదు, దోషమును కాదు. పొద్దు, మంచు అను రెండింటి పందెము.

పరాయి నేలకు పోయిన పంటకు పేరు మాఱుట మనకు క్రొత్త కాదు. పడమటి సముద్రములు దాటి వచ్చినదానికి సీమచింత అని పేరు పెట్టితిమి. ఆండీసు కొండవాండ్ర ‘పాపా’ మన భాషలో బంగాళాదుంప అయినది. ఏ దిక్కునుండి మనకందినదో ఆ దిక్కే దాని యింటిపేరైనది. కరీబియను ద్వీపములలో చిలగడదుంపకు పేరైన ‘బటాటా’ స్పెయినువారి నోట ‘పాపా’తో కలిసి ‘పటాటా’ యైనది. ఇంగ్లీషువారి నోట ‘పొటాటో’ యైనది. మహారాష్ట్రులు ‘బటాటా’ అనియే బంగాళాదుంపను పిలుచుచున్నారు. ఒక దుంప పేరు మఱియొక దుంపకు అంటుకొని సగము భూగోళము తిరిగి వచ్చినది. పెరూ అను దేశనామమే అపార్థమున పుట్టినదని గార్సిలాసో వ్రాసెను. ఇది ఏ దేశమని స్పెయినువారు ఒక బెస్తవానిని అడుగగా, అతడు బెదరి తన పేరు చెప్పెనట; వారు దానినే దేశమునకు పేరుగా గ్రహించిరట. తన తల్లిభాషలోని మాటలను వచ్చినవారు ఎట్లు చెఱచిరో ఆ గ్రంథమున ఆయన పలుమాఱులు వాపోయెను. దుంపపేళ్లను అంత శ్రద్ధగా వ్రాసిపెట్టుటకు ఈ వేదనయు ఒక కారణమై యుండవచ్చును.

1989లో అమెరికా సంయుక్తరాష్ట్రముల జాతీయ పరిశోధన మండలి ఆండీసు పంటలనుగూర్చి ఒక పెద్ద గ్రంథము ప్రకటించెను. ఓకాకును అందు స్థానము కలదు. దాని పేరునకు ‘ఇంకా జాతివారి పోయిన పంటలు’ అని యర్థము. గ్రంథము మంచిది, దానివలన ఈ పంటలపై లోకము దృష్టి నిలిచెను. అయినను ‘పోయిన’ అను మాటయొద్ద చదువరి ఒక్కక్షణము ఆగవలెను. ఎవరికి పోయినవి? కుజ్కో కొండలలోని రైతు ఆ యేడును ఓకా నాటెను, త్రవ్వెను, ఎండబెట్టెను, తినెను. చూడనివారికి మాత్రమే అది పోయినది.

ఇప్పుడు నిజముగా పోవు ప్రమాదమును లేకపోలేదు. పల్లెలనుండి యువకులు పట్టణములకు పోవుచున్నారు. పట్టణమునుండి బియ్యము, గోధుమపిండి సరకులు పల్లెలకు ఎక్కుచున్నవి. దుంపనుండి దుంపకు సోకుచు వచ్చు వైరసు తెగుళ్లు దిగుబడిని తగ్గించుచున్నవి. కొండలు వెచ్చబడుకొలది చలినేలలో పండు దుంపలు ఇంకను పైకి జరుగవలసి వచ్చుచున్నది. కొండకు మాత్రము శిఖరముతో అంతము కలదు. ఖాయ చేయుటకు గడ్డకట్టు రాత్రులు కావలెను. ఆ రాత్రులు తగ్గినచో పుల్లని ఓకాకు పనియే యుండదు.

ఈ యాపదను గుర్తించినవారును కలరు. పెరూ రాజధాని లిమాలో 1971లో స్థాపింపబడిన అంతర్జాతీయ బంగాళాదుంప కేంద్రము, బంగాళాదుంపతోపాటు ఓకా మొదలైన తోడిదుంపల జాతులను గూడ సేకరించి గాజుగొట్టములలో చిన్నచిన్న మొలకలుగా కాపాడుచున్నది. ఇది గొప్ప సేవ. రైతు చేతిలో నశించిన జాతి అక్కడ దొరకవచ్చును. కాని గొట్టముపై నుండునది ముఖ్యముగా ఒక సంఖ్య. ఆ సంఖ్య మొక్కను కాపాడగలదు. కుండలో ఏమి చేయవలెనో చెప్పలేదు. సంఖ్యకు ప్రక్కన పేరును, పేరునకు ప్రక్కన దానిని వండు చేయియు నున్ననాడే పంట పూర్తిగా బ్రతికినట్లు.

ఈ కథ దూరదేశమునకు చెందినది. కాని దాని నీతి దూరము కాదు. చిలగడదుంప, గెనుసుగడ్డ, మోరంగడ్డ, రత్నపురిగడ్డ — ఒకే దుంపకు తెలుగునాట నాలుగు మూలల నాలుగు పేళ్లు. పాఠ్యపుస్తకమున అచ్చగునది వీనిలో ఒకటి. తక్కినవి ఇండ్లలో, సంతలలో, అవ్వల నోళ్లలో నున్నవి. నల్లమల చెంచులు అడవిలో త్రవ్వు గడ్డలను ఒక్కొక్కదానిని ఒక్కొక్క పేరుతో గుర్తింతురు. ఆ పేళ్లలో చాలభాగము నిఘంటువులకు ఎక్కలేదు. తరగతిలోని ముప్పది మంది పిల్లలు తమ యింట వాడు దుంపపేళ్లను, వానిని వండు తీరును ఒక పలకపై వ్రాసినచో ఉపాధ్యాయునికి తెలియని మాట ఒకటైనను దొరకక మానదు.

గార్సిలాసో 1616లో కోర్దోబాలోనే కన్నుమూసెను. ఆయన వర్ణించిన రాజ్యము ఆయన పుట్టుకకు పూర్వమే కూలెను. రాజుల బంగారమును స్పెయినువారు కరగించి ముద్దలు చేసి ఓడలకెక్కించిరి. కుజ్కో కొండలలో జూను మాసపు ఉదయమున ఇంటిముందు గడ్డిపై పఱచిన ఓకా మాత్రము ఇంకను ఎండలో మెల్లగా తియ్యనగుచున్నది.